ఓటీ చదువు: 24 వారాలు, 450 మార్కులు, లక్ష డాలర్లు

450. అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపిస్టు (ఓటీ) కావాలంటే దాటాల్సిన గీత అది. ఎన్‌బీసీఓటీ అనే సంస్థ పెట్టే జాతీయ పరీక్ష నాలుగు గంటలు ఉంటుంది. 300 నుంచి 600 దాకా ఉండే స్కేలు మీద 450 వస్తే పాస్. రెండు, రెండున్నరేళ్ళ మాస్టర్స్ చేసినవాళ్ళకీ, మూడేళ్ళు కూర్చుని డాక్టరేట్ తెచ్చుకున్నవాళ్ళకీ ఇదే పరీక్ష. ఆ తర్వాత రాష్ట్రం ఇచ్చే లైసెన్సూ ఒకటే. పెద్దవాళ్ళ ప్రభుత్వ బీమా మెడికేర్ ఔట్‌పేషెంట్ థెరపీని ఎక్కువగా 15 నిమిషాల యూనిట్ల లెక్కన కొలిచి డబ్బు కడుతుంది. థెరపిస్టు గోడకి ఏ డిగ్రీ వేలాడుతోందో అది అడగదు. మరి డాక్టరేట్‌లోని ఆ ఆఖరి ఏడాదికి విలువెంత? అమెరికాలో ఇంటర్ వయసు దాటుతున్న మన పిల్లలూ, ఇక్కడ బీఓటీ (ఓటీలో బ్యాచిలర్స్) చేసి అక్కడికి వెళ్ళాలనుకుంటున్నవాళ్ళూ ముందు తేల్చుకోవాల్సిన లెక్క ఇది.

పని సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఫిజియో మనిషిని నిలబెట్టి నడిపిస్తాడు. ఓటీ ఆ మనిషి తన అన్నం తను కలుపుకుని తినేలా, స్నానం చేసేలా, మళ్ళీ ఉద్యోగంలో కూర్చునేలా చూస్తుంది. పక్షవాతం వచ్చిన తాతగారి నుంచి పెన్సిల్ పట్టు కుదరని ఒకటో తరగతి పిల్లాడి దాకా అందరూ ఆమె దగ్గరికి వస్తారు. ‘ఆమె’ అనడం ఊరికే కాదు, ఈ వృత్తిలో ఆడవాళ్ళే చాలా ఎక్కువ.

న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో 1917లో కొద్దిమంది కూడి ఈ వృత్తికి సంఘం పెట్టుకున్నారు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి బ్యాచిలర్స్ డిగ్రీతోనే ఉద్యోగంలో చేరేవారు. 2007 నుంచి ఆ తలుపు మూసేశారు, మాస్టర్స్ తప్పనిసరి అయింది. పక్కింటి ఫిజికల్ థెరపీ 2015 చివరికి పూర్తిగా డాక్టరేట్ బాట పట్టింది. అది చూసి, కోర్సులకు గుర్తింపు ఇచ్చే మండలి అకోట్ 2017లో ఇంకో ప్రకటన చేసింది. 2027 జులై నుంచి ఓటీకి కూడా డాక్టరేట్ ఉంటేనే ప్రవేశం అంది. వృత్తిలో ఉన్నవాళ్ళే గొడవ చేశారు. ఖర్చు పెరుగుతుంది, పేద పిల్లలు రారు, చదువు చెప్పేవాళ్ళు దొరకరు అన్నారు. కొద్దికాలానికే ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టారు. 2019లో రెండు దారులూ ఉంటాయని తేల్చారు. అంటే 2027 గడువు ఇప్పుడు లేదు. అయినా ‘త్వరలో మాస్టర్స్ రద్దవుతుందట’ అన్న మాట ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని నమ్మి మూడో ఏడాదికి ఫీజు కట్టొద్దు.

సీటుకి ముందు మెట్లు ఇవి. ఏదైనా డిగ్రీ ఉండాలి. దాంతోపాటు అనాటమీ, ఫిజియాలజీ, గణాంకాలు, సైకాలజీ లాంటి సబ్జెక్టులు చేసి ఉండాలి. చాలా స్కూళ్ళు పని చేస్తున్న ఓటీ పక్కన నిలబడి కొన్ని గంటలు చూసి రమ్మంటాయి. దరఖాస్తులు ఎక్కువగా ఓటీక్యాస్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా వెళతాయి.

అసలు చదువు తరగతి గదిలో కంటే చేతుల్లో ఎక్కువ జరుగుతుంది. చొక్కా తొడగడమే తీసుకోండి. చచ్చుబడ్డ చేతిని ముందు చొక్కా చేతిలోకి ఎక్కించాలి, విప్పేటప్పుడు బాగున్న చేతిని ముందు తీయాలి. చదివితే ఒక వాక్యం. కానీ రోగి పక్కకి ఒరిగిపోకుండా మంచం అంచున కూర్చోబెట్టి, మనం తొడిగేయకుండా ఓపికపట్టి, అతని చేతే తొడిగించాలి. స్ప్లింట్ తయారీ ఇంకో పరీక్ష. థర్మోప్లాస్టిక్ రేకుని డెబ్బై డిగ్రీల దగ్గరున్న నీళ్ళలో ముంచితే మెత్తబడుతుంది. బయటికి తీశాక కొద్ది నిమిషాల్లోనే మళ్ళీ బిగుసుకుంటుంది. ఆలోపు రోగి చేతి మీద పరిచి, మణికట్టు సరైన కోణంలో ఉంచి, అరచేతి వంపు పోకుండా అచ్చు తీయాలి. చిటికెన వేలి వైపు మణికట్టు దగ్గర పొడుచుకొచ్చే ఎముకని మర్చిపోతే అక్కడ ఒత్తుకుని పుండు పడుతుంది. మొదటి స్ప్లింట్ సాధారణంగా చెత్తబుట్టకే పోతుంది. రెండోది తోటి విద్యార్థి చేతికి పనికొస్తే గొప్ప.

ఇదంతా గట్టిపడేది ఫీల్డ్‌వర్క్‌లో. అకోట్ నిబంధన ప్రకారం రెండో స్థాయి ఫీల్డ్‌వర్క్ కనీసం 24 వారాల ఫుల్‌టైమ్. మామూలుగా పన్నెండు వారాలు ఆస్పత్రిలో, పన్నెండు బడిలోనో పిల్లల క్లినిక్‌లోనో వేస్తారు. వారానికి 40 గంటల చొప్పున 960 గంటలు. మాస్టర్స్‌కీ డాక్టరేట్‌కీ ఈ 24 వారాలు సమానమే. డాక్టరేట్‌లో అదనంగా 14 వారాల క్యాప్‌స్టోన్ ఉంటుంది, అంటే మరో 560 గంటలు. పరిశోధన, పరిపాలన, విధానాలు, బోధన లాంటి వాటిలో ఒకదాన్ని ఎంచుకుని లోతుగా చేయాలి. రేపు కాలేజీలో పాఠం చెప్పాలన్నా, కొత్త కార్యక్రమాన్ని నడపాలన్నా అది పనికొస్తుంది. రోగి పక్కన పని చేయడమే మీ కోరికైతే నా దృష్టిలో మాస్టర్స్ చాలు.

ఆ 24 వారాలూ చాలావరకు జీతం లేని పని. పైగా ఆ సెమిస్టర్లకీ ఫీజు కట్టాలి. ప్లేస్‌మెంట్ వేరే ఊళ్ళో పడితే అక్కడ అద్దె కూడా మనదే. బ్రోచర్లలో ఈ ఖర్చు కనిపించదు.

ఇక డబ్బు. అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం 2024 మే నాటికి ఓటీల మధ్యస్థ వార్షిక జీతం 98,340 డాలర్లు. ఉద్యోగాలు సుమారు లక్షన్నర. కొత్తగా చేరినవాళ్ళకి ఈ జీతం రాదు, అది అనుభవజ్ఞుల్నీ కలుపుకున్న లెక్క. చాలా ప్రైవేటు స్కూళ్ళలో చదువయ్యేసరికి ఖర్చు లక్ష డాలర్లు దాటుతుంది. 2025–26లో పీజీ విద్యార్థుల ప్రభుత్వ రుణానికి వడ్డీ 7.94 శాతం. లక్ష అప్పుని పదేళ్ళలో తీర్చాలంటే నెలకి దాదాపు 1,210 డాలర్లు కట్టాలి. మొత్తం లక్షా నలభై అయిదు వేలవుతుంది. మూడో ఏడాది చదివితే ఆ ఏడాది ఫీజు ఒకటే కాదు, సంపాదించాల్సిన ఒక ఏడాది జీతం కూడా పోయినట్టే.

2026 జులై నుంచి పరిస్థితి ఇంకా బిగుస్తుంది. 2025లో వచ్చిన చట్టం కొత్తవాళ్ళకి పీజీ చదువుకిచ్చే గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ రుణాన్ని ఎత్తేసింది. మామూలు పీజీ విద్యార్థికి ఏడాదికి 20,500, మొత్తం మీద లక్ష డాలర్ల పరిమితి పెట్టింది. వైద్యం, న్యాయం వంటి ‘వృత్తి’ డిగ్రీలకి ఏడాదికి 50,000 దాకా ఇస్తారు. విద్యాశాఖ ప్రతిపాదించిన ఆ జాబితాలో ఓటీ లేదు. మూడేళ్ళకి 61,500 పోగా మిగిలింది ఎక్కువ వడ్డీ ప్రైవేటు అప్పే. అక్కడ పుట్టిన మన పిల్లలు ఈ లెక్క చూసుకోవాలి. వీసా మీద వెళ్ళేవాళ్ళకి ప్రభుత్వ రుణం ఎలాగూ రాదు.

ఈ చదువు మన దేశానికి వచ్చింది కూడా అమెరికా నుంచే. అక్కడ పుట్టి, భారతీయుణ్ణి పెళ్ళాడి, ఫిలడెల్ఫియాలో శిక్షణ పొందిన కమలా నింబ్‌కర్ 1950లో ముంబయి కేఈఎం ఆస్పత్రిలో ఓటీ స్కూలు పెట్టారు. 1952లో ప్రపంచ ఓటీ సమాఖ్యను స్థాపించిన పది దేశాల్లో మనదీ ఒకటి. ఆ సమాఖ్య అడిగే కనీస క్షేత్ర శిక్షణ 1,000 గంటలు. ఇక్కడ ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ళ బీఓటీ చేసి పని మొదలుపెట్టిన తరాలు ఉన్నాయి.

అలాంటివాళ్ళు అమెరికా వెళ్ళాలంటే ముందు ఎన్‌బీసీఓటీ చేత తమ చదువు అక్కడి చదువుకి సాటి అని తేల్పించుకోవాలి. ఆ తర్వాతే 450 పరీక్ష, వీసా కోసం ధ్రువపత్రం. ఇక్కడే ఒక గొయ్యి ఉంది. అమెరికా యూనివర్సిటీలు అమ్మే ‘పోస్ట్ ప్రొఫెషనల్’ కోర్సులు ఇప్పటికే ఓటీ అయినవాళ్ళ కోసం పెట్టినవి. అకోట్ గుర్తింపు ప్రవేశ స్థాయి కోర్సులకే, వీటికి ఉండదు. రెండింటి పేర్లూ ఒకేలా ఉంటాయి కాబట్టి కన్సల్టెన్సీ మాట మీద వదిలేయకండి. ఓటీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) జాబితాలో లేదు, కాబట్టి చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి 12 నెలలే. నర్సులకీ ఫిజికల్ థెరపిస్టులకీ గ్రీన్‌కార్డులో ఉన్న ‘షెడ్యూల్-ఎ’ అనే వెసులుబాటు ఓటీలకి లేదు.

స్కూలు ఎంచుకునేటప్పుడు ర్యాంకులు పక్కన పెట్టి ఒక అంకె అడగండి. గుర్తింపు నిలవాలంటే, డిగ్రీ అయిన ఏడాదిలోపు పరీక్ష రాసినవాళ్ళలో మూడేళ్ళ సగటున 80 శాతం పాసవ్వాలి. ఎన్నిసార్లు రాశారన్నది ఈ లెక్కలోకి రాదు. అందుకని మొదటి ప్రయత్నంలో ఎంతమంది పాసయ్యారో విడిగా అడగండి. చేరినవాళ్ళలో ఎంతమంది పూర్తి చేశారో, 24 వారాలూ ఏ ఊళ్ళలో వేస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. అవి చెప్పడానికి నసిగే స్కూలుకి దరఖాస్తు ఫీజు కూడా దండగ.