ఏనుగుల స్నేహబంధము – జ్ఞాపకశక్తి

ఏటేటా దారి తప్పక కొల్లేటికి వచ్చే పక్షులను చూచి మనము ఆశ్చర్యపడుచుందుము. ఏనుగు జ్ఞాపకశక్తి అంతకంటె అబ్బురమైనది. మన కామవరపుకోట పరిసరాల అడవులలో ఏనుగులు లేకపోయినను, మన రాష్ట్రములోనే చిత్తూరు జిల్లా కౌండిన్య అభయారణ్యములో అవి కలవు. వాటి బంధములను గూర్చి కొంత వివరించుట మా ఉద్దేశము.

ఏనుగుల గుంపు సామాన్యముగా ఆడ ఏనుగులు, వాటి పిల్లలు కలిసిన కుటుంబము. మగవి యుక్తవయస్సు రాగానే గుంపును విడిచిపోవును. ఆడవి తల్లి చెంతనే ఉండును. సుమారు 22 నెలలు గర్భము మోసి కనిన గున్నను తల్లియే గాక గుంపులోని ఇతర ఆడ ఏనుగులును కాపాడును. శ్రీలంకలోని ఉడవలవె వనములో జరిగిన పరిశీలన ఒకటి 2011లో వెలువడినది. ఆసియా ఏనుగులు నేడు కలిసి రేపు విడిపోయినను, ఏండ్ల తరబడి తమ పాత నేస్తములనే తిరిగి చేరుకొనుచున్నట్లు అందు తేలినది. విడిపోవుట మరచిపోవుట కాదన్నమాట.

ఇందుకు చక్కని నిదర్శనము అమెరికాలో కలదు. 1999లో టెన్నెసీలోని ఏనుగుల శరణాలయమునకు షర్లీ అను ముసలి ఏనుగును తెచ్చిరి. అచ్చట నున్న జెన్నీ చిన్నతనమున ఒక సర్కసులో షర్లీతో కొంతకాలము గడిపినది. ఇరువది ఏండ్లకు పైబడిన ఎడబాటు తరువాత కూడ అవి ఒకదానినొకటి గుర్తించి, నడుమనున్న కమ్ములగుండా తొండములు చాచి ఘీంకరించినవి. 2006లో జెన్నీ మరణించువరకు ఆ చెలిమి నిలిచినది.

ఈ జ్ఞాపకము ప్రేమకు మాత్రమే గాక ప్రాణరక్షణకును ఆధారము. 1993లో టాంజానియాలోని తరంగిరే వనమును అనావృష్టి పీడించినది. పెద్దవయసు ఆడ ఏనుగులున్న గుంపులు వనమును విడిచిపోయి గున్నలను ఎక్కువగా దక్కించుకొన్నవి. అట్టి పెద్దలు లేని గుంపు అచ్చటనే నిలిచి ఎక్కువ గున్నలను పోగొట్టుకొన్నది. 1958–61 నాటి కరవును ఆ వృద్ధ ఏనుగులు బాల్యమున చవిచూచియుండుటయే కారణమని శాస్త్రజ్ఞులు భావించిరి.

ఇక మన రాష్ట్రపు సంగతి. 1980వ దశకములో తమిళనాడు, కర్ణాటక అడవులనుండి ఏనుగులు కుప్పం, పలమనేరు ప్రాంతములకు వలస వచ్చినవి. వాటి రక్షణకై 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. అయితే ఒకసారి చెరకు రుచి చూచిన పొలమును కూడ ఏనుగు మరువదు. రాత్రికి రాత్రి పంట పోగొట్టుకొను రైతు గోడును మనము తేలికగా తీసివేయరాదు. మరొకవైపు 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లాలో నాలుగు ఏనుగులు విద్యుదాఘాతమునకు బలియైనవి. పొలములపైకి వచ్చు ఏనుగులను అడవికి మళ్లించుటకై 2025లో కర్ణాటక ప్రభుత్వము శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను మన రాష్ట్రమునకు అందజేసినది.

రైతుకు సకాలములో నష్టపరిహారము, ఏనుగుకు అడ్డులేని దారి, రెండును కావలెను. గుంపులో ఒక వృద్ధ ఏనుగు కూలినచో కరవునాడు నీటిజాడ తెలిపే పెద్దదిక్కు పోయినట్లే. పెద్దల అనుభవము విలువ తెలిసిన మన విద్యార్థులకు ఈ నష్టమెంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.