మీకు తెలుసా? వానలో నేరోబోటు

ఇంగ్లండు కాలువల్లో తిరిగే నేరోబోటు వెడల్పు ఏడడుగులకు మించదు, పొడవు మాత్రం 70 అడుగుల దాకా ఉండొచ్చు. 18వ శతాబ్దంలో ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ కట్టించిన ఇరుకు లాకుల్లో పట్టాలి మరి! అద్దెకు తీసుకుని నడపడానికి లైసెన్సు అక్కర్లేదు. వేగం గంటకు 4 మైళ్లు దాటకూడదు.

ధవళేశ్వరం లాకులు చూసినవారికి, పడవను తలుపుల మధ్య నిలిపి నీళ్లు నింపో వదిలో ఎత్తు మార్చే ఈ పద్ధతి కొత్తేమీ కాదు. కాకపోతే ఇంగ్లండులో చాలాచోట్ల తలుపులు తోసేదీ, నీళ్లు వదిలేదీ పడవలో వచ్చినవాళ్లే. డివైజెస్ ఊరి దగ్గర కేన్ హిల్‌లో 29 లాకులు, అందులో 16 వరసగా గుట్ట ఎక్కుతాయి. నలుగురు స్నేహితులు ఉండాల్సింది ఇలాంటిచోటే.

వానొస్తే అసలు పేచీ చుక్కాని దగ్గర. అది పట్టినవారు పడవ వెనక ఆరుబయట తడుస్తూ నిలబడాలి, పైగా చుక్కాని కర్రను ఎడమకు తోస్తే పడవ కుడికి తిరుగుతుంది. మిగతావాళ్లు లోపల పొయ్యి పక్కన టీ తాగుతూ సలహాలిస్తారు.

అయినా వానను తిట్టుకోలేం. ఇరుకు లాకు ఒక్కసారి నిండాలన్నా లక్ష లీటర్లకు పైగా నీరు కావాలి. అది చాలావరకు ఎగువ జలాశయాల్లో నిలిచిన వాననీరే. వానలు మొహం చాటేసిన వేసవుల్లో కొన్ని లాకులకు తాళాలు పడతాయి.