పలుచని గాలిలో నీలిజ్వాల

తెలంగాణ పడమటి అంచున, దక్కను పీఠభూమిపై, ఎర్రనేలల నడుమ నెలకొన్న జహీరాబాదు పట్టణము సముద్రమట్టమునకు సుమారు 620 మీటర్ల ఎత్తున, అనగా 2000 అడుగులకు రవంత పైన ఉన్నది. ఈ ఎత్తు అచ్చటివారి నిత్యజీవనమున తలపునకైనను వచ్చునది కాదు. కాని శీతదేశములలో ఇండ్లను వెచ్చపరచుటకై గ్యాసు ఫర్నేసులను అమర్చు పనివారి చేతిపుస్తకములలో సాధారణముగా ఈ 2000 అడుగుల కడనే ఒక హద్దు గీయబడి యుండును. ఆ హద్దునకు దిగువన యంత్రము కర్మాగారమునుండి వచ్చినది వచ్చినట్లే పనిచేయును. దానిని దాటి పైకి పోయినకొలదియు, ఆ స్థలపు గాలికి తగినట్లు దిద్దవలసి యుండును.

జహీరాబాదు ఇండ్లకు ఇట్టి ఫర్నేసుల అవసరము లేదు. పొరుగున నున్న కోహీరు పేరు అత్యల్ప ఉష్ణోగ్రతల వార్తలలో తరచుగా వినబడుచున్నను, అచ్చటి చలికి గొంగడియు చలిమంటయు చాలును. కాని 1600 మీటర్ల ఎత్తున నున్న అమెరికాలోని డెన్వరు నగరమున కాపురమున్న తెలుగు కుటుంబములకు, మంచు కురియు దినములలో ఇట్టి యంత్రమే ఆధారము. కావున దీని పుట్టుపూర్వోత్తరములను, ఎత్తునకు దీనికి గల సంబంధమును తెలిసికొనుట మనకు పరాయి విద్య కాదు.

ఈ యంత్రపు వంశచరిత్ర ఒక ప్రయోగశాలలో ఆరంభమైనది. 1852లో జర్మనీలోని హైడెల్‌బర్గు విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడుగా వచ్చిన రాబర్ట్ బున్సెన్, తన నూతన ప్రయోగశాలకు బొగ్గుగ్యాసు లభించినపుడు, మసి లేనిదియు, వెలుగు తక్కువై వేడిమి ఎక్కువైనదియు నగు జ్వాలను కోరెను. గ్యాసును మండుటకు ముందే గాలితో కలుపవలెనను ఆయన భావమునకు 1855 ప్రాంతమున విశ్వవిద్యాలయ యంత్రశిల్పి పీటర్ డెసాగా రూపమిచ్చెను. సన్నని రంధ్రమునుండి వేగముగా వెలువడు గ్యాసు, ప్రక్కనున్న కంతలగుండ గాలిని తనతో ఈడ్చుకొని పోయి, గొట్టములో దానితో కలిసి, కొనయందు నీలిజ్వాలయై మండును. ఇంతియే ఆ కల్పనలోని రహస్యము. దీనికంటె సరళమైనదియు, దీనికంటె దీర్ఘాయువైనదియు యంత్రలోకమున అరుదు.

నీలిజ్వాలను పుట్టించు ఆ బర్నరు పిమ్మట ప్రయోగశాలనుండి గృహములలోనికి ప్రవేశించెను. గ్యాసును మండించి, ఆ వేడిమిని గాలిగొట్టముల ద్వారా వేర్వేరు గదులకు పంపు ఏర్పాటునకు 1919 డిసెంబరు 23వ తేదీన ఆలిస్ పార్కర్ అను మహిళకు అమెరికాలో పేటెంటు లభించెను. మన దేశమున 1955లో బొంబాయి నగరమున వంటగ్యాసు సిలిండర్లు తొలిసారి ఇండ్లకు చేరెను. నేడు జహీరాబాదు వంటయింటి స్టవ్వు క్రింద బాగుచేయువారు జెట్టు అని పిలుచు ఇత్తడిముక్క యందున్న సూదిరంధ్రమును, డెన్వరు ఫర్నేసులోని రంధ్రమును ఒకే ధర్మమును నిర్వర్తించుచున్నవి: ఎంత గ్యాసు పోవలెనో అదియే నిర్ణయించును.

ఇక గాలి సంగతి. 1643లో ఇటలీ శాస్త్రజ్ఞుడు టోరిచెల్లి పాదరసపు గొట్టముతో గాలికి బరువు గలదని చూపగా, 1648లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ కోరికపై ఆయన బావ పెరియే ఫ్రాన్సులోని పుయి ద డోమ్ కొండపైకి అట్టి గొట్టమును గొనిపోయి, పైకెక్కినకొలదియు పాదరసము దిగుటను కన్నులార చూచెను. సముద్రతీరమున 760 మిల్లీమీటర్లు నిలుచు పాదరసము జహీరాబాదులో సుమారు 705, డెన్వరులో సుమారు 626, లడఖ్‌లోని లేహ్ పట్టణమున సుమారు 490 మిల్లీమీటర్ల కడ నిలుచును. పాదరసము తగ్గిన మేరకు ప్రతి ఘనపుటడుగు గాలియందును ప్రాణవాయువు తగ్గినదని అర్థము. అగ్నికి కావలసినది ఆ ప్రాణవాయువే. ఒక పాలు మీథేను మండుటకు దాదాపు పది పాళ్ళ గాలియు, ఒక పాలు ప్రొపేనునకు దాదాపు ఇరువదినాలుగు పాళ్ళ గాలియు పట్టును.

ఇచ్చటనే చిక్కు పుట్టుచున్నది. గ్యాసు ఒత్తిడిని నిలుకడగా ఉంచు రెగ్యులేటరు దానికి ఇచ్చు ఒత్తిడి చుట్టునున్న గాలిని మించిన ఒత్తిడియే గాన, కొండమీదను అది మారదు. గ్యాసును పలుచబడుటచే దాని రాశియు కొంత తగ్గును. కాని ఆ తగ్గుదల సాంద్రత యొక్క వర్గమూలము ననుసరించునది. ఫర్నేసులోని పంకా ఈడ్చు గాలి యన్ననో, సాంద్రత తగ్గినంత పూర్తిగా తగ్గిపోవును. డెన్వరులో గాలి నూటికి 18 వంతులు తగ్గగా, గ్యాసు 9 వంతులే తగ్గును. పిండిని కొలిచి నీటిని కొలువక జొన్నరొట్టె చేయబూనినట్లు, ఇంధనము మిక్కిలియై, గాలి చాలక, జ్వాల నీలిమను కోల్పోయి పసుపుపచ్చగా మారవచ్చును, మసి పట్టును, అన్నిటికంటె ఘోరముగా, రంగును వాసనయు లేని విషవాయువగు కార్బన్ మోనాక్సైడు జనించును.

దీనికి పరిహారము రంధ్రమును సన్నము చేయుటయే. 2000 అడుగులకు మించిన చోట, సముద్రమట్టమునుండి లెక్కించి ప్రతి 1000 అడుగులకు నూటికి 4 వంతుల చొప్పున ఉష్ణశక్తిని తగ్గింపవలెనని అమెరికాలో చిరకాలముగా ఆచరణలో నున్న సూత్రము. 5000 అడుగుల కడ గంటకు లక్ష బీటీయూల (బీటీయూ ఉష్ణమునకు కొలమానము) ఫర్నేసు ఎనుబదివేలకు దిగవలెను. అందులకు జెట్టు వ్యాసమును దాదాపు పదింట తొమ్మిది వంతులకు తగ్గింతురు. కెనడాలో 2000 నుండి 4500 అడుగుల వరకు నూటికి 10 వంతుల తగ్గింపు వాడుకలో నున్నది. తయారీదారు స్వంత పట్టిక నిచ్చినచో అదియే ప్రమాణము. పంకా ఈడ్పును కనిపెట్టు పీడనపు స్విచ్చును సైతము కొన్ని యంత్రములలో మార్చవలెను. లేనిచో పలుచని గాలిలో అది యంత్రమును వెలుగనీయదు. తుదకు పొగగొట్టములోని వాయువులను పరికరముతో పరీక్షించి, చేసిన సవరణను చీటిపై వ్రాసి యంత్రమునకు అంటింతురు. ఉష్ణము తగ్గును గావున, కొనునపుడే తగినంత పెద్ద యంత్రమును ఎన్నుకొనవలెను.

ఈ యంత్రమునకు ఇంధనమును కొలుచు అవయవము గలదు. గాలిని కొలుచు అవయవము సాధారణముగా లేదు. ఆ లోటును తీర్పవలసినది అమర్చువాని విద్య. కొండసీమలలో నూతనముగా గృహము తీసికొను మనవారు ఆ చీటి యున్నదో లేదో చూచి, లేనిచో శిక్షితుడగు పనివానిచే సరిచూపించుకొని, ఇంటిలో కార్బన్ మోనాక్సైడు హెచ్చరిక గంటను అమర్చుకొనుట అవశ్యకర్తవ్యము. లేహ్ వంటి ఎత్తులకు స్టవ్వులను, హీటర్లను పంపు మన తయారీదారులును, ఏ యంత్రము ఏ ఎత్తు వరకు పనికివచ్చునో దానిపైననే, కొనువాని భాషలో, స్పష్టముగా ముద్రింపవలెను. అట్లు చేసిననాడే ఆ యంత్రము పూర్తిగా తయారైనదని చెప్పదగును.