ఆ చిల్లు మూయొద్దు

పాత అంబాసిడర్ బానెట్ ఎత్తి, ఫ్యాను వెనకున్న వాటర్ పంపు అడుగుభాగం వేలితో తడిమితే చిన్న చిల్లు తగులుతుంది. కొన్ని బళ్లలో అది దొరకదు. ఎప్పుడో ఎవరో ఎంసీల్ పెట్టి పూడ్చేసి ఉంటారు. నీళ్లు కారేది అక్కణ్ణుంచే కాబట్టి అక్కడ మూసేస్తే సరిపోతుందని వాళ్ల లెక్క. ఆ లెక్క ఎంత నష్టం తెస్తుందో తెలియాలంటే పంపు లోపలి సంగతి తెలియాలి.

పంపులో ఉండేది ఒకటే షాఫ్టు. దాని ముందు కొసన పుల్లీ, ఫ్యాను ఉంటాయి. వెనక కొసన నీళ్లను ఇంజను లోపలికి తోసే ఇంపెల్లర్ ఉంటుంది. మధ్యలో బేరింగు. నీళ్లు బేరింగు వైపు రాకుండా ఇంపెల్లర్‌కు, బేరింగుకు నడుమ ఒక కార్బన్ సీలు స్ప్రింగు బలంతో అదిమి ఉంటుంది. షాఫ్టు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటే ఆ సీలు రుద్దుకుంటూనే ఉంటుంది, ఏదో ఒకరోజు అరిగిపోతుంది. అప్పుడు సీలు దాటి వచ్చిన నీళ్లు బేరింగును చేరకముందే కిందికి జారిపోవాలని తయారుచేసినవాళ్లే ఆ చిల్లు పెట్టారు. దాన్ని మూస్తే నీళ్లకు బేరింగు తప్ప వేరే దారి లేదు. గ్రీజు కడుక్కుపోతుంది, బేరింగుకు తుప్పు పడుతుంది, షాఫ్టు ఊగుతుంది, దానితోపాటు ఫ్యానూ ఊగుతుంది. పరిస్థితి ముదిరితే ఫ్యాను రెక్కలు రేడియేటర్‌ను చీరేస్తాయి. సీలుతో పోయే పని రేడియేటర్ దాకా వస్తుంది.

బళ్లకు వాటర్ పంపు మొదటినుంచీ తప్పనిసరి కాదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో తొలి 2,500 బళ్లకు మాత్రమే పంపు ఉండేది. ఆ తర్వాత దాన్ని తీసేశారు. వేడి నీళ్లు పైకి, చల్లబడ్డ నీళ్లు కిందికి వాటంతట అవే తిరిగే పద్ధతితో ఆ బండి ఏళ్ల తరబడి నడిచింది. ఇంజన్ల బలం, వేగం పెరిగేకొద్దీ ఆ నెమ్మది ప్రవాహం చాలక పంపు మళ్లీ వచ్చింది.

కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 2014 దాకా తయారుచేసిన అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. 1959 నుంచి దీనికి వేసిన 1489 సీసీ పెట్రోలు ఇంజను బీఎంసీ బీ సిరీస్‌కు చెందింది. ఎంజీఏ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు 1955లో బయటికొచ్చింది కూడా ఈ కుటుంబపు 1489 సీసీ ఇంజనుతోనే. కలెక్టరుగారి తెల్లకారుకూ ఆ స్పోర్ట్స్ కారుకూ ఇంజను చుట్టరికం ఉందన్నమాట. దీనివల్ల పాత కారు యజమానులకు ఒక మేలు జరిగింది. బీ సిరీస్ పంపును ఎలా విప్పాలో, ఎలా బిగించాలో చెప్పే వర్క్‌షాప్ పుస్తకాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి.

పంపు విప్పేముందు తప్పు దానిదేనని తేల్చుకోవాలి. బండి వేడెక్కడానికి రేడియేటర్ పూడిపోవడం, థర్మోస్టాట్ పట్టేయడం, బెల్టు వదులవడం కూడా కారణాలే. ఇంజను ఆపి, పూర్తిగా చల్లారాక ఫ్యాను రెక్కలను పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. కదలిక తెలిస్తే బేరింగు పోయినట్టే. చిల్లు కింద తెల్లటి చారిక ఉంటే సీలు అరిగినట్టు. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తియ్యకూడదు. ఏడు పౌండ్ల ఒత్తిడిని ఆపే మూత ఉన్న బండిలో నీళ్లు దాదాపు 111 డిగ్రీల దాకా మరగవు. మూత తీయగానే ఒత్తిడి పడిపోయి, ఆ నీళ్లు ఆవిరిగా మారి ముఖం మీదికి చిమ్ముతాయి.

అసలు పనితనం కనిపించేది పంపు బల్ల మీదికి వచ్చాకే. ఫ్యాను హబ్బును పుల్లర్‌తో లాగాలి. సుత్తి దెబ్బకు పోత ఇనుము పగులుతుంది. బేరింగు జరగకుండా బాడీలోకి దూర్చిన సన్నటి తీగ ఒకటి ఉంటుంది. అది లాగకుండా ప్రెస్సు నొక్కితే బాడీ చెడుతుంది. తీగ వచ్చాక షాఫ్టును వెనక్కి నొక్కి బయటికి తీస్తారు. సీలు ఆనే ముఖం మీద గుంటలుంటే లేత్ మీద చదును చేయించాలి. ఈ పని వదిలేస్తే కొత్త సీలు కూడా మొదటి రోజునుంచే కారుతుంది.

కొత్త బేరింగును బయటి రింగు మీదే నొక్కాలి. షాఫ్టు మీద నొక్కితే లోపల గోళీలు తిరిగే దారిలో నొక్కులు పడి, పంపు బిగించకముందే బేరింగు పాడవుతుంది. పాత రకం పంపుల్లో బేరింగుకున్న గ్రీజు రంధ్రం బాడీ రంధ్రంతో కలవాలి. ఇంపెల్లర్ రెక్కలకూ బాడీకీ మధ్య సందు 20 నుంచి 30 థౌ, అంటే అర మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు ఉండాలి. అంతకన్నా తక్కువైతే రెక్కలు ఒరుసుకుంటాయి, ఎక్కువైతే తోపు తగ్గుతుంది. ఫీలర్ గేజ్ పెట్టి చూడటానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం వెచ్చించే మెకానిక్ దొరికితే ఎంత దూరమైనా వెళ్లొచ్చు. పాత బాడీని పారేసి మొత్తం కొత్త పంపు వేయించడం తేలికే. కానీ పగుళ్లు లేని పాత పోతను ఒక సీలు కోసం, ఒక బేరింగు కోసం తుక్కులో వేయడం అన్యాయం. కొత్తది కొన్నా ఈ సందు కొలవకుండా బిగించకూడదు.

గ్రీజు ప్లగ్గు ఉన్న పంపుకు కొద్దిగా పెడితే చాలు. గన్నుతో గట్టిగా కొడితే గ్రీజు బేరింగు దాటి కార్బన్ ముఖం మీదికి చేరి సీలును చెడగొడుతుంది. బెల్టు పొడవైన వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. బిగువెక్కితే ఆ లాగుడంతా కొత్త బేరింగు మీదే పడుతుంది, డైనమో బేరింగూ అరుగుతుంది.

చివరిగా నీళ్ల సంగతి. బోరు నీళ్లు పోస్తే కాగులో సున్నం పేరుకున్నట్టే ఇంజను లోపల గార కడుతుంది. రాలిన గార, తుప్పు రవ్వలు సీలును ఆకురాయిలా అరగదీస్తాయి. అందుకే మంచు పడని ఊళ్లలో కూడా కూలెంటు కావాలి. అందులోని తుప్పు నిరోధకాల కోసమే దాన్ని పోసేది. అంబాసిడర్ రేడియేటర్‌ది రాగి, ఇత్తడి, టంకం కలిసిన ఒళ్లు. వాటికి సరిపడే కూలెంటునే డిస్టిల్డ్ వాటర్‌లో కలపాలి. పాతది తీసినప్పుడు షెడ్డు ముందు కాలవలో పారబోయకూడదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి. కొద్దిగా నాకినా మూత్రపిండాలు చెడి చచ్చిపోవచ్చు. దాన్ని మూత ఉన్న డబ్బాలోకి పట్టి, పిల్లలకు అందని చోట పెట్టాలి.