లోక్‌సభలో చర్చకు తేదీ నిర్ణయం: 2018 అవిశ్వాస తీర్మానం – ఒక పరిశీలన

తిరువూరు శాసనసభ నియోజకవర్గం విజయవాడ లోక్‌సభ స్థానంలో అంతర్భాగం. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా, విభజన హామీల విషయమై 2018 జూలై 20న చర్చకు వచ్చిన అవిశ్వాస తీర్మానాన్ని ప్రతిపాదించినది ఈ స్థానానికి ప్రాతినిధ్యం వహించిన కేశినేని శ్రీనివాస్. అయితే తొలి నోటీసులు మార్చి నెలలోనే అందాయి. నాలుగు నెలల ఆలస్యానికి కారణం సభా నియమాలలోనే కనిపిస్తుంది.

లోక్‌సభ కాలంలో అధికభాగం ప్రభుత్వ కార్యకలాపాలదే. ఏ అంశానికి ఎంత సమయమో స్పీకర్ అధ్యక్షతన 15 మంది సభ్యుల సభా వ్యవహారాల సలహా సంఘం సిఫారసు చేస్తుంది. 193వ నియమం కింద స్వల్పకాలిక చర్చ కోరవచ్చు, కానీ దానిపై ఓటింగ్ ఉండదు. 184వ నియమం కింద ఓటింగ్ ఉంటుంది, కానీ తీర్మానాన్ని అనుమతించడం స్పీకర్ విచక్షణకు లోబడినది. ప్రైవేటు సభ్యులకు మిగిలేది శుక్రవారం చివరి రెండున్నర గంటలు.

అవిశ్వాస తీర్మానం వీటికి భిన్నమైనది. 198వ నియమం ప్రకారం కనీసం 50 మంది సభ్యులు లేచి నిలబడితే అనుమతి లభించినట్లే. అనుమతి కోరిన నాటి నుంచి పది రోజులలోపు చర్చ జరిపి తీరాలి. ఇంత కచ్చితమైన గడువు ఉన్నప్పటికీ, అనుమతి ఘట్టానికి చేరడానికి మాత్రం గడువేదీ లేదు. మార్చి 16 నుంచి తెలుగుదేశం, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పక్షాలు వరుసగా నోటీసులిచ్చాయి. కావేరీ బోర్డు కోసం అన్నా డి.ఎం.కె., రిజర్వేషన్ల కోసం టి.ఆర్.ఎస్. సభ్యులు వెల్‌లో నినాదాలు చేస్తుండగా, సభ సజావుగా లేనందున లెక్కింపు సాధ్యం కాదని స్పీకర్ సుమిత్రా మహాజన్ ప్రకటించారు. వెల్‌లో నిలబడినవారిని మద్దతుదారుల నుంచి వేరుచేయడం కష్టమే. కానీ అదే సమావేశాలలో మార్చి 14న ఆర్థిక బిల్లు గందరగోళం నడుమ, చర్చ లేకుండానే ఆమోదం పొందింది. అల్లరి నోటీసుకు అడ్డంకి అయినంతగా ప్రభుత్వ బిల్లుకు కాలేదు!

ఏప్రిల్ 6న సమావేశాలు ముగిశాయి. ఆనాడే వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌కు చెందిన ఐదుగురు సభ్యులు రాజీనామా చేయగా, జూన్‌లో అవి ఆమోదం పొందాయి. అందుచేత, తొలుత నోటీసు ఇచ్చినవారిలో ఒకరైన వై.వి. సుబ్బారెడ్డి చర్చనాటికి సభలోనే లేరు.

వర్షాకాల సమావేశాల తొలిరోజైన జూలై 18న అనుమతి లభించింది. రెండు రోజులకే చర్చ. కేటాయించిన ఏడు గంటలను పార్టీల బలాన్ని బట్టి పంచగా, తీర్మానం తెచ్చిన తెలుగుదేశానికి దక్కినది 13 నిమిషాలు. చర్చ ప్రారంభించిన గల్లా జయదేవ్ దాదాపు గంటసేపు ప్రసంగించారు. సభ పన్నెండు గంటల వరకు సాగింది. అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325 ఓట్లు వచ్చాయి.

అవిశ్వాస తీర్మానంలో కారణాలు పేర్కొననవసరం లేదు కనుక చర్చ రాఫెల్ ఒప్పందం వంటి అనేక విషయాల మీదికి మళ్లింది. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఇచ్చిన హోదా హామీ చట్టంలో చేరకపోవడమే అసలు వివాదం. ఆ ఒక్క అంశానికే పరిమితమైన చర్చ 184వ నియమం కిందనే సాధ్యమయ్యేది. బ్రిటిష్ కామన్స్ సభలో 2010 నుంచి వెనుక వరుస సభ్యుల కమిటీయే కొన్ని రోజుల చర్చాంశాలను నిర్ణయిస్తున్నది. లోక్‌సభలో అటువంటి కమిటీ లేదు.