రోడ్డు ప్రమాదాలు – పాల కేంద్రం వద్ద ప్రథమ చికిత్స

మన పాల కేంద్రాలు చాలావరకు రోడ్డు వారనే వున్నవి. వ్యాను ఆగేందుకు వీలుగా మనమే అలా పెట్టుకున్నాము. తెల్లవారకముందే ఒకసారి, పొద్దుగూకేవేళ ఒకసారి, క్యానులు కట్టుకుని సభ్యులు ఆ రోడ్డునే వస్తారు. అక్కడ ప్రమాదం జరిగితే ముందుగా చేరేది డాక్టరు కాదు, పాలు పోయవచ్చిన మనమే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సర్వీసు ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వున్నది. కాని పెద్ద రక్తనాళం తెగితే ప్రాణం పోవడానికి కొద్ది నిమిషాలు చాలు. ఆ రక్తం ఆపడానికి మందులు అక్కరలేదు. శుభ్రమైన తువాలు మడిచి గాయం మీద పెట్టి, రెండు అరచేతులతో గట్టిగా అదిమి పట్టాలి. ఆగిందా లేదా అని మాటిమాటికీ ఎత్తి చూడరాదు. తువాలు తడిస్తే దానిమీదే ఇంకొకటి వేసి అదమాలి. గాజుపెంకు గుచ్చుకుని వుంటే పీకవద్దు.

పడిపోయినవానికి గుక్కెడు నీళ్ళు పోయనిదే మన మనసు ఒప్పదు. అది దయే. అయినా స్పృహలేని మనిషికి ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణాపాయం కలుగుతుంది. కాళ్ళూ చేతులూ పట్టి ఆటోలోకి ఎత్తడం మరొక పొరపాటు. మెడ ఎముక విరిగి వుంటే ఆ ఒక్క ఎత్తుతో జన్మంతా మంచాన పడవచ్చు. మంటలు, మీదికి వచ్చే వాహనాలు వంటి అపాయం లేనప్పుడు కదపక, తలను రెండు చేతులతో నిలకడగా పట్టుకోవాలి. అంతకుముందే ఒకరు టార్చి పట్టుకుని దూరాన నిలిచి, వచ్చే బండ్లను ఆపాలి.

ఊపిరి ఆడనివానికి దవడ ఎత్తి దారి చేయడం వంటివి కాగితం చదివి వచ్చేవి కావు. వెన్న శాతం పరీక్ష మన టెస్టర్లు చేత్తో చేసి నేర్చినట్లే, ఇదీ బొమ్మమీద చేసి నేర్వాలి. రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ సంస్థలు ఈ శిక్షణ ఇస్తాయి. రెండు పూటలా కేంద్రంలో వుండే సెక్రటరీని, టెస్టరును, ఒక మహిళా సభ్యురాలిని పంపడం మేలని మా అభిప్రాయం.

"కేసులో ఇరుక్కుంటామేమో" అని వెనుకాడేవారు ఇంకా వున్నారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 134ఎ సెక్షను ప్రకారం, సద్భావంతో సాయపడినవారిపై సివిలు, క్రిమినలు చర్యలు వుండవు. ఇష్టం లేకుంటే పేరు చెప్పనవసరం లేదు.

వచ్చే పాలకవర్గ సమావేశంలో ముగ్గురి పేర్లు తీర్మానించండి. కేంద్రంలో నాలుగు ఉతికిన తువాళ్ళు, ఒక టార్చి వుంచండి. గోడమీద 108తోపాటు ఊరిపేరు, దగ్గరి కిలోమీటరు రాయి నెంబరు రాయించండి. కంగారులో ఫోను చేసేవారికి అదే ముందు మరపుకు వస్తుంది.