తుపాను వేళ తాగునీరు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. కరెంటు స్తంభాలు కూలాయి, పంపులు ఆగాయి, కొళాయిలు ఎండిపోయాయి. చుట్టూ వాననీరే, తాగడానికి మాత్రం చుక్క కరువు!

అందుకే తుపాను హెచ్చరిక వినగానే నీరు పట్టి ఉంచాలి. ఎంత? తాగడానికీ, వంటకూ, నోరు కడుక్కోవడానికీ మనిషికి రోజుకు సుమారు 4 లీటర్లు అనుకోండి. అయిదుగురున్న ఇంటికి మూడు రోజులకు ఎంతో లెక్కకట్టండి. 60 లీటర్లు కదూ!

పటిక వేస్తే మడ్డి అడుగుకు దిగి నీరు తేటపడుతుంది. కాని తేటనీరంతా మంచినీరు కాదు. తెర్లిన తరువాత మరో నిమిషం కాచితే కలరా, టైఫాయిడ్ క్రిములు చస్తాయి. అయితే చల్లారిన ఆ నీటిలో ఎవరైనా చేయి ముంచితే క్రిములు మళ్ళీ చేరతాయి. వాటిని ఆపే శక్తి కాచిన నీటికి లేదు. క్లోరిన్ అలా కాదు. తేటనీటిలో క్లోరిన్ బిళ్ళను చెప్పిన మోతాదులో వేసి అరగంట ఆగండి. అది క్రిములను చంపడమేగాక, కొంత నీటిలో మిగిలి కాపలా కాస్తుంది.

తాగునీటి క్యాన్లను సబ్బుతో కడిగి, నింపి, మూత బిగించండి. పురుగుమందు, కిరసనాయిలు పోసిన డబ్బాలు ఎంత కడిగినా పనికిరావు. మరి, మీ ఇంట మంచినీటి బిందెలో ముంచేది కాడ ఉన్న గరిటెతోనా, చేతిలోని గ్లాసుతోనా? ఈ రోజే చూడండి.